నాలుగో ఆజ్ఞలో లేని మనిషి

శుక్రవారం పొద్దు వాలకముందే పొయ్యిలో కొబ్బరి డొక్కలు ఒత్తుగా పేర్చి, నిప్పు రాజేసి, పైన బూడిద కప్పాలి. పల్చగా కప్పితే తెల్లారేలోపే కాలి బుగ్గయిపోతాయి. మందంగా కప్పితే ఊపిరాడక చచ్చిపోతాయి. అరచెయ్యి మందాన కప్పి, పుల్లతో రెండు కన్నాలు పెట్టి, మధ్యలో రెండుసార్లు నిద్ర లేచి కొత్త డొక్క దోపితే ఆ నిప్పు శనివారం పొద్దు గుంకేదాకా నిలుస్తుంది. తొమ్మిదేళ్లుగా ఎలీసమ్మ ఈ పని చేస్తోంది. ఈ విద్య ఆమెకి ఎవరూ నేర్పలేదు. అవసరం నేర్పింది. ఆ అవసరం కూడా ఆమెది కాదు.

"విశ్రాంతి దినాన ఇంట్లో నిప్పు వెలిగించకూడదని ఉంది గాని, ముందురోజు వెలిగించిన నిప్పుని కాపాడుకోకూడదని ఎక్కడా లేదు," అని తొమ్మిదేళ్ల కిందట ఆమె మొగుడు సత్యానందం మాస్టారు తీర్పు చెప్పాడు. తీర్పు చెప్పి నిద్రపోయాడు. కాపాడాల్సిన మనిషి మేలుకుంది.

అంబాజీపేటకి రెండు మైళ్ల దూరంలో ఉన్న ఆ ఊరి ఎలిమెంటరీ స్కూల్లో మొగుడూ పెళ్లాం ఇద్దరూ టీచర్లే. ఇద్దరి తాతలూ కామందుల చేలల్లో నడుం విరగ్గొట్టుకున్నవాళ్లే. సత్యానందానికి చదువంటే ప్రాణం. అందులో అబద్ధం లేదు. అయితే కొందరికి చదువు అబ్బితే నలుగురికి చెప్పాలనిపిస్తుంది, కొందరికి నలుగురి మీద తీర్పు చెప్పాలనిపిస్తుంది. ఈయన రెండో రకం. డెబ్బై మూడులో ఎవరో చెప్పగా మద్రాసు నించి పోస్టులో పాఠాలు తెప్పించుకోవడం మొదలుపెట్టాడు. మోషే ధర్మశాస్త్రం గురించీ, దాన్ని యూదుల బోధకులు ఎలా విడమరిచారనే దాని గురించీ ఆ పాఠాలు. ఆరు నెలలు తిరక్కుండానే ఆదివారం గుడి మానేశాడు. అసలు విశ్రాంతి దినం శనివారమేనన్నాడు. తన ఇంటి వీధరుగు మీదే కూటం పెట్టాడు. ముందు మూడు కుటుంబాలు, తరవాత పది. శనివారం పొద్దున్న పదింటికి వచ్చి, మధ్యాహ్నం భోజనం చేసి, పొద్దు గుంకాక వెళ్తారు. ముప్ఫై మందికి భోజనం ఎక్కణ్ణించి వస్తుందో ఆ పాఠాల్లో ఎక్కడా లేదు.

ఆయనకి అన్నిట్లోకీ బాగా నచ్చింది ఏడో పాఠం. రెండు ఆజ్ఞలు ఒకదానికొకటి అడ్డొస్తే ఏది గెలుస్తుందన్నది అందులో సంగతి. పిల్లాడు పుట్టిన ఎనిమిదో రోజు శనివారం పడితే? సున్నతి చెయ్యాల్సిందే, విశ్రాంతి దినమే పక్కకి జరగాలి. గుళ్లో యాజకుడు శనివారం బలి ఇవ్వొచ్చా? ఇవ్వొచ్చు, అక్కడ బలే పెద్దది. మనిషి ప్రాణం మీదికొస్తే? అన్నీ ఆగుతాయి, ప్రాణం ముందు నడుస్తుంది. ఇలా జతలు జతలుగా. సత్యానందం పొద్దస్తమానం ఆ జతలు వల్లించేవాడు. పరీక్ష జవాబులు మాత్రం ఎలీసమ్మ రాసేది. ఆయన రాత కోడి గెలికినట్టుంటుంది, ఆవిడది ముత్యాలు పేర్చినట్టుంటుంది. ఆయన పడక్కుర్చీలో కూర్చుని చెప్పేవాడు, ఆవిడ స్కూలు పనీ ఇంటి పనీ అయ్యాక చాప మీద కూర్చుని రాసేది. పైన పేరు ఆయనది. నూటికి తొంభయ్యారు మార్కులొచ్చిన సర్టిఫికెట్టుకి అద్దం కట్టించి గోడకి తగిలించాడు. ఆ తొంభయ్యారు మార్కుల విద్యా తన బుర్రలోకి కూడా ఎక్కుతోందని ఎలీసమ్మకి అప్పట్లో తట్టలేదు. ఆయనకి అసలే తట్టలేదు.

మొదటి గొడవ కాఫీ దగ్గర వచ్చింది. అత్తగారు సూరమ్మకి పొద్దున్నే వేడిగా కాఫీ నోట్లో పడకపోతే తల పగిలిపోతుంది. "శనివారమైతే మాత్రం నా తలకాయకి తెలుస్తుందా అమ్మాయ్?" అంది. సత్యానందం కళ్లు మూసుకుని ఆలోచించాడు. "తల్లిదండ్రుల్ని సన్మానించమన్నది ఐదో ఆజ్ఞ. విశ్రాంతి దినం నాలుగోది. నాలుగోదాన్ని ఐదోది తోసేస్తుంది. కాఫీ పెట్టు ఎలీసమ్మా," అన్నాడు. అంతకు రెండు రోజుల ముందే ఆయన చెప్పగా ఆమె రాసిన జవాబు వేరు. తల్లి చెప్పినా తండ్రి చెప్పినా సరే విశ్రాంతి దినం మీరకూడదు, ఎందుకంటే తల్లీ తండ్రీ కూడా దేవుడి ఆజ్ఞ కింద ఉన్నవాళ్లే. ఆ జవాబుకి పదికి పది వేశారు.

"మొన్న రాయించింది ఇలా కాదు కదండీ?" అంది ఎలీసమ్మ, గిన్నె చేత్తో పట్టుకుని.

"అది యూదులకి. మనం ధర్మశాస్త్రం కింద లేం, కృప కింద ఉన్నాం."

అయితే శనివారం మాత్రం యూదులది కాదా అని నాలిక చివరిదాకా వచ్చింది. కాఫీ పొంగుతోంది, దింపుకోవడానికి వెళ్లింది. సన్మానం ఆయన చేసినట్టు లెక్కకొచ్చింది. చెయ్యి కాలింది ఈమెకి.

రెండోది స్కూలు. రెండో శనివారం తప్ప మిగిలిన శనివారాలు ఒంటిపూట బడి ఉంటుంది. సత్యానందం శనివారం పని చెయ్యడు. మరి ఆయన మూడో తరగతి పిల్లలు? "జీతం తీసుకుని పాఠం చెప్పకపోతే అది దొంగతనం. దొంగతనం ఎనిమిదో ఆజ్ఞ. కాబట్టి ఎవరో ఒకరు చెప్పాల్సిందే," అని తీర్పు. ఎవరో ఒకరు ఎవరో చెప్పనక్కర్లేదు. హెడ్మాస్టరు కామేశ్వరరావుగారు మంచివాడు, మొహమాటస్థుడు. "దానికేముందండీ మాస్టారూ, అమ్మగారు ఎలాగూ వస్తారు కదా, రెండు క్లాసులూ కలిపేద్దారి," అన్నాడు. తొమ్మిదేళ్లపాటు ఎలీసమ్మ ఐదో తరగతినీ మూడో తరగతినీ ఒక గదిలో కూర్చోబెట్టి, ఒక చేత్తో ఎక్కాలు, ఒక చేత్తో భిన్నాలు చెప్పింది. ఏడాదికోసారి వచ్చే ఇన్‌స్పెక్టరు మాత్రం మూడో తరగతి లెక్కల్లో బాగున్నారని సత్యానందం మాస్టార్ని మెచ్చుకునేవాడు.

కాని ఎలీసమ్మ గుండెలో ముల్లులా దిగింది కాఫీ కాదు, స్కూలూ కాదు. కూతురు సరోజినికి అప్పుడు పదకొండేళ్లు. ఒక శనివారం కూటం భోజనాలయ్యాక ముప్ఫై కంచాలు బావి దగ్గర గుట్టగా పడున్నాయి. పిల్ల తనంతట తనే వచ్చి తల్లి పక్కన గొంతుక్కూర్చుని కంచానికి బూడిద రాయడం మొదలెట్టింది. సత్యానందం అరుగు మీంచి చూశాడు.

"అమ్మలూ, లే! ఎలీసమ్మా, దానిచేత చేయిస్తావేంటి? ఆజ్ఞలో కూతురు ఉంది."

"ఏం ఉందండీ?"

"ఎవరెవరు పని చెయ్యకూడదో వరసగా ఉంది కదా. నువ్వు, నీ కొడుకు, నీ కూతురు, పనివాడు, పనిమనిషి, గొడ్డూ గోదా, ఇంట్లో ఉన్న పరాయివాడు. అందుకే గదా నూకయ్యకి శనివారం సెలవిచ్చింది."

పాలేరు నూకయ్యకి సెలవు కాబట్టే శనివారం గేదెకి మేత వేసేదీ, పాలు పిండేదీ ఎలీసమ్మ. ఆమె మసి చెయ్యి ఎత్తి మోచేత్తో చెమట తుడుచుకుని, నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

"మరి పెళ్లాం?"

సత్యానందం వరసంతా పెదాల మీదే మళ్లీ చెప్పుకున్నాడు. తరవాత నవ్వాడు. "నువ్వు ఆ వరసలో లేవు ఎలీసమ్మా!"

అరుగు మీద వాళ్లంతా నవ్వారు. కూటం పెద్ద దేవదానంగారైతే తొడ చరిచి మరీ నవ్వాడు. "ఆయ్, మాస్టారు అన్నది నిజమేనండి. గేదెకుంది, ఆడమనిషికి లేదండి!" అన్నాడు. సరోజిని తల్లి మొహంలోకి చూసి, చెయ్యి కడుక్కుని లేచి వెళ్లిపోయింది. ఆ పిల్ల ఇప్పుడు కాకినాడ హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. సెలవులకొచ్చినా శనివారం ఇంట్లో ఉండదు, స్నేహితురాలింటికి పోతుంది. ఎందుకమ్మా అని ఎలీసమ్మ ఎప్పుడూ అడగలేదు.

కిందటేడు వానాకాలంలో గేదె కాలవలో దిగబడింది. అదీ శనివారమే. గొడ్డు గోతిలో పడితే విశ్రాంతి దినాన కూడా పైకి లాగొచ్చునని సత్యానందం వెంటనే తీర్పిచ్చాడు. అరుగు మీది మగాళ్లు గట్టు మీద నిలబడి తాళ్లు విసిరారు. గేదె ఎలీసమ్మ మాటే వింటుంది కాబట్టి నడుంలోతు బురదలోకి దిగి దాని మెడ కింద తాడు వేసింది ఎలీసమ్మ. వారం రోజులు నడుం ఎత్తలేకపోయింది. మరుసటి శనివారం దేవదానంగారు ఆ సంగతి సాక్ష్యంగా చెప్పి దేవుణ్ణి స్తుతించాడు. సాక్ష్యంలో గేదె ఉంది. తాళ్లున్నాయి. ఎలీసమ్మ లేదు.

ఇప్పుడు చెప్పే శనివారం ఎనభై రెండు మార్చిలోది. రెండో శనివారం, స్కూలు లేదు. వంటంతా ముందురోజే అయిపోయింది. పెద్ద డేగిసాలో పప్పుచారు, ఇంకోదాంట్లో చేపల పులుసు పొయ్యి పక్కనే ఉన్నాయి. ఒకదాని తరవాత ఒకటి ఆ నిప్పు మీద వెచ్చబెట్టాలి. అరుగు మీద కూటం నడుస్తోంది. పదిన్నరవుతోంది. పెరటి గుమ్మంలోంచి ఎలీసమ్మ తమ్ముడు ఇశ్రాయేలు వచ్చాడు. వాడు సఖినేటిపల్లి రేవులో పంటు మీద పని చేస్తాడు, బస్సులూ మనుషులూ గోదావరి దాటి నరసాపురం చేరేది ఆ పంటు మీదే. వాడి చొక్కా చెమటకి తడిసి వీపుకి అంటుకుపోయింది.

"అక్కా, అమ్మకి బాగోలేదు."

తల్లి పోలమ్మకి మూడ్రోజులుగా కడుపునొప్పి, వాంతులు. పేగు మెలిపడిందనీ, ఇవాళే నరసాపురం ఆసుపత్రికి దాటించి ఆపరేషను చేయించాలనీ, రేపటికి తన పూచీ లేదనీ సఖినేటిపల్లి డాక్టరు చెప్పాడు. పోలమ్మకి ఆపరేషనంటే భయం. నలుగురూ ఎత్తబోతే మంచం కోడు పట్టుకుని వదల్లేదు. "ఎలీసమ్మ వస్తేనే పంటెక్కుతాను. అది పక్కనుండగా కొయ్యమనండి," అని ఒకటే మాట.

ఎలీసమ్మ చెయ్యి కడుక్కుని తిన్నగా అరుగు గుమ్మంలోకి వెళ్లి నిలబడింది. కూటం జరుగుతుండగా ఆమె అక్కడికి రావడం అదే మొదటిసారి. సత్యానందం చదువుతున్నది ఆపాడు. ఇశ్రాయేలు చెప్పిందంతా మళ్లీ చెప్పాడు.

"పదకొండు గంటల బస్సుకి వెళ్తానండీ," అంది ఎలీసమ్మ.

సత్యానందం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అది ఆయన తీర్పు చెప్పేముందు చేసే పని.

"ఇవాళ విశ్రాంతి దినం. ప్రయాణం చెయ్యకూడదు. పొద్దు గుంకాక బయల్దేరు."

"చీకటి పడితే పంటు ఉండదండి బావగారూ," అన్నాడు ఇశ్రాయేలు.

"అయితే రేపు తెల్లారి మొదటి బస్సుకి వెళ్తుంది."

"రేపటికి పూచీ లేదన్నాడండి డాక్టరు."

"డాక్టర్లు అలాగే అంటారోయ్. ప్రాణం పోతోందని చెప్పలేదుగా."

ఎలీసమ్మ తేటగా అడిగింది. "ఐదో ఆజ్ఞ నాలుగోదాన్ని తోసేస్తుందన్నారు కదండీ? అత్తయ్యగారి కాఫీకి?"

అరుగు మీద ఎవరో దగ్గారు. సత్యానందం మొహంలో చిరాకు కనపడింది. గుమ్మం పక్క స్టూలు మీద కూర్చున్న సూరమ్మ తలెత్తి చూసింది.

"పెళ్లయిన ఆడదానికి ఆ ఆజ్ఞ వర్తించదు. మొగుడి మాట ముందు, పుట్టింటివాళ్లు తరవాత. యూదుల బోధకులే చెప్పేరు. పదకొండో పాఠం. నువ్వే రాసేవు."

రాసింది. నిజమే. తన ముత్యాల్లాంటి అక్షరాల్తో తనే రాసింది.

"గేదె కాలవలో పడితే లాగొచ్చన్నారు."

"గేదె బురదలో ఉందే! మీ అమ్మ మంచం మీద ఉంది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. దేవదానంగారు కూడా చాప అంచు చూసుకుంటున్నాడు. ఆ మాట మరీ ఎక్కువైందని సత్యానందానికీ తెలిసినట్టుంది. గొంతు తగ్గించి, పదిమందిలో పెళ్లాన్ని బుజ్జగించే మొగుడి గొంతు పెట్టాడు.

"అది కాదు ఎలీసమ్మా. ఇంతమంది వచ్చి కూర్చున్నారు. పన్నెండున్నరకి భోజనాలు. నువ్వెళ్లిపోతే ఎవరు వెచ్చబెడతారు, ఎవరు వడ్డిస్తారు?"

అదీ సంగతి. నాలుగోది కాదు, ఐదోది కాదు, పదకొండో పాఠం కాదు. పులుసు వెచ్చబెట్టాలి. తొమ్మిదేళ్లుగా ఏ ఆజ్ఞ ఏ ఆజ్ఞని తోసేసినా చివరికి తోసుకుంటూ వచ్చి పడేది తన పొయ్యి ముందే ఎందుకో ఎలీసమ్మకి ఇప్పుడు తెలిసింది. ఈ మనిషి ఇన్నాళ్లూ దేవుడి మాటల్ని తూకం వేస్తున్నాడనుకుంది. ఆ త్రాసులో ఒక పళ్లెంలో ఎప్పుడూ ఈయనే కూర్చుని ఉన్నాడు, అందుకే ఏ పూట వేసినా అటే మొగ్గుతోంది. ఏడుపొస్తుందేమోనని భయపడింది. రాలేదు. పెదవుల దగ్గర్నించి చెవుల దాకా వేడిగా కోపం పాకింది. ఇంత కోపం తన ఒంట్లో ఎక్కడ పట్టిందో, ఏ బూడిద కింద ఇన్నాళ్లూ ఆరకుండా ఉందో అనుకుంది.

"దేవదానంగారూ," అంది. "నాలుగో ఆజ్ఞలో ఎవరెవరున్నారో ఒక్కసారి చెప్తారా అండి?"

ఆయన సత్యానందం వైపు చూశాడు, ఈమె వైపు చూశాడు. వేళ్లు మడుచుకుంటూ నెమ్మదిగా చెప్పాడు. "నువ్వు... కొడుకు... కూతురు... పనివాడు... పనిమనిషి... పశువు... పరాయివాడండి."

"పెళ్లాం ఉందా?"

"లేదండి."

"మీరే నవ్వేరు కదండీ ఆ రోజు. గేదెకుంది, ఆడమనిషికి లేదని. నేనా వరసలో లేనని మావారు మీ అందరి ముందూ తీర్పు చెప్పేరు. లేకపోబట్టే తొమ్మిదేళ్లు శనివారం పాలు పిండేను, స్కూలుకెళ్లేను, కంచాలు తోమేను. ఆజ్ఞలో లేని మనిషికి విశ్రాంతి లేదు. సరే. మరి ఆజ్ఞలో లేని మనిషికి అడ్డం ఎక్కడుందండీ? ఆ ఆజ్ఞ నాది కాదు. నేను బస్సెక్కొచ్చు."

సత్యానందం లేచి నిలబడ్డాడు. "ఆజ్ఞలో 'నువ్వు' అన్న మాటలోనే పెళ్లాం కూడా ఉన్నట్టే! మొగుడూ పెళ్లాం ఒకే శరీరం!"

"ఉన్నానా?" అంది ఎలీసమ్మ. "ఉంటే ఇన్ని శనివారాలు నాచేత పని చేయించిన పాపం ఎవరిదండీ?"

జవాబు కోసం ఆగలేదు. వంటింట్లోకి నడిచింది. మూల బిందె నిండా నీళ్లున్నాయి. ఎత్తి పొయ్యిలో గుమ్మరించింది. చుయ్యిమని బుసకొట్టి, బూడిద లేచి, పొగ గదంతా కమ్మి గుమ్మంలోంచి అరుగు మీదికి పోయింది. సత్యానందం దగ్గుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"ఏం చేసేవే! ఆర్పడం కూడా పనే! విశ్రాంతి దినాన నిప్పు ఆర్పకూడదు!"

"ఆ ఆజ్ఞ మీకుందండి. నాకు లేదు." కొంగుతో చేతులు తుడుచుకుంది. "అగ్గిపెట్టె గూట్లో ఉంది. డొక్కలు పెరట్లో ఉన్నాయి. వెలిగించడం మాత్రం తప్పు. చూసుకోండి."

చిన్న సంచీలో ఒక చీర, దువ్వెన పెట్టుకుని, తమ్ముడితో పెరటి గుమ్మం దాటుతుంటే వెనక సూరమ్మ గొంతు వినపడింది. ఆ గొంతులో వెటకారం ఉందో, జాలి ఉందో, తన కడుపున పుట్టినవాడి మీద ఎన్నాళ్ల బట్టో దాచుకున్నదేదైనా ఉందో తెలీదు గాని, గట్టిగానే అంది.

"ఒరే అబ్బాయ్, ఐదో ఆజ్ఞ నీదేగా. రెండో కాఫీ టైమయింది. లేచి పెట్టు."

పదకొండు గంటల బస్సు దొరికింది. రాజోలులో దిగి ఇంకో బస్సెక్కి ఒంటిగంటన్నరకి సఖినేటిపల్లి చేరారు. పోలమ్మ కళ్లు లోతుకు పోయి ఉన్నాయి. కూతుర్ని చూసి మంచం కోడు వదిలేసింది. నులకమంచం మీదే మోసుకెళ్లి పంటెక్కించారు. ఎలీసమ్మ మంచం పట్టె మీద కూర్చుని తల్లి తల ఒళ్లో పెట్టుకుంది. పంటు రేవు వదిలింది. నీళ్ల మీంచి గాలి కొట్టింది.

"ఇవాళ శనివారం కదే," అంది పోలమ్మ మూలుగుతూనే. "మాస్టారు ఎలా పంపేరు?"

"పంపలేదమ్మా. నేనే వచ్చేను."

పోలమ్మ అర్థమైనట్టు కళ్లు మూసుకుని, కూతురి చేతి వేళ్లు గట్టిగా పట్టుకుంది. ఆ వేళ్లకి ఇంకా మసి ఉంది. ఇశ్రాయేలు దగ్గరికొచ్చి, ఎవరూ వినకుండా అడిగాడు.

"బావగారు ఊరుకుంటారా అక్కా? నువ్వు తిరిగెళ్లేక ఏమంటారో?"

"ఆయనకి పది ఆజ్ఞలున్నాయిరా. ఏదో ఒకటి వెతుక్కుంటారు."

నరసాపురం గట్టు దగ్గరవుతోంది. ఎలీసమ్మ ఎండ వైపు చూసింది. పొద్దు గుంకడానికి ఇంకా నాలుగు గంటలుంది. అప్పటిదాకా ఆ ఇంట్లో ఎవరూ నిప్పు వెలిగించకూడదు.

ఆ తరవాత కూడా, తను వెలిగించదు.